మడ అడవికి మర్యాద తెలియదు

ఆదివారం పదకొండు గంటలకి, బావగారి కుటుంబంతో కలిపి తొమ్మిదిమందిమి, రెండు డబ్బాల పులిహోరతో కోరంగి అభయారణ్యానికి వేంచేశాం. 1978 నుంచి అభయారణ్యం హోదా అనుభవిస్తూ, గోదావరి సముద్రంలో కలిసేచోట 235 చదరపు కిలోమీటర్లు ఆక్రమించుక్కూచున్న అడవి ఇది. అదే మన చేతిలో పడుంటే ఈపాటికి ఎన్ని రొయ్యల చెరువులు లేచేవో! సరే, ఆ బాధ ఇప్పుడెందుకు.

వచ్చినవాళ్లని పలకరించే దిక్కు లేదు. బావురు పిల్లి ఉంటుందన్నారు కదాని చెక్కబాట ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచాం. జాడ లేదు. "అది రాత్రిళ్లు చేపలు పట్టుకుంటదండీ" అన్నాడు పడవ కుర్రాడు. టికెట్టేమో పగలు, పిల్లేమో రాత్రా? బావగారు మాత్రం తన వంతుగా నాలుగుసార్లు "మ్యావ్" అని పిలిచి, ఫోన్లో పాట కూడా గట్టిగా పెట్టారు.

ఇక వేళ్లు. ఏ చెట్టుకైనా వేళ్లు కిందికి పోతాయి. మడచెట్టుకి బురదలోంచి పైకి, చెక్కిన పెన్సిళ్లలా పొడుచుకొస్తాయి. ఉప్పు బురదలో గాలాడదు కాబట్టి అలా బయటికొచ్చి ఊపిరి తీసుకుంటాయట. ఒకదానికి ఎవరో చిప్స్ ప్యాకెట్టు టోపీలా తగిలించారు. ఇంకోటి మొలిపించుకుంటుంది లెండి, దానికేం. అంతలో కళ్లు నెత్తిన పెట్టుకున్న వేలెడు చేప ఒకటి, నీళ్లు మానేసి, బురద మీద రెక్కలతో దేక్కుంటూ వచ్చింది. ఆ టోపీని చూసింది, బావగారిని చూసింది, గబుక్కున బొరియలో దూరింది.

పోటు రానిదే పడవ కదలదన్నారు. సముద్రానికి ఆదివారం వేళలు ఖరారు చేయమని అర్జీ పెట్టబోతున్నాను.

అన్నిటికన్నా ఘోరం ఉక్కపోత. "సముద్రం పక్కనే ఉండి ఆకు కదలట్లేదేంటయ్యా?" అన్నారు బావగారు చొక్కా విదిలించుకుంటూ.

"చెట్లు ఆపేత్తాయండి, ఆయ్."

అయితే కొన్ని కొట్టించేస్తే సరిపోతుందని బావగారి సలహా. నేను బలపరిచాను. కోరంగికి గాలి కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో బంగాళాఖాతం నుంచి బ్రహ్మాండమైన గాలి వచ్చింది, వెంట ఉప్పెన కూడా వచ్చింది. ఆ తర్వాత ఉక్కపోస్తోందని అనడానికి ఆ రేవులో పెద్దగా ఎవరూ మిగల్లేదు.