పాత రెగ్యులేటరూ, బకెట్టు నీళ్లూ, ఒక ఫార్వర్డూ

వారంలో ఈ మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. రెండు కాలేజీ గ్రూపులు, రెండు ఆఫీసు గ్రూపులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపు (డ్రైనేజీ గొడవ మధ్యలో సిలిండర్ కట్టుకుని నీటి అడుక్కి దిగే స్కూబా డైవింగ్ ఎందుకొచ్చిందో వాళ్లకే తెలియాలి), చివరికి మా పెద్దమ్మ కొడుకు. వాడికి ఈత కూడా రాదు. "అన్నా, నువ్వు డైవింగ్‌కి వెళ్తావుగా, చూసుకో, లక్షలు మిగుల్తాయి" అని రాసి కింద దండం బొమ్మ పెట్టాడు.

"స్కూబా షాపుల దోపిడీ! కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పక చదవండి" అని దాని తలకట్టు. ఏడు పాయింట్లు. మొత్తం సారం ఒక్కటే: కోర్సులో చేరకముందే పాతిక వేలకి సిలిండర్‌తో సహా సెకండ్‌హ్యాండ్ ఫుల్ సెట్ కొనేయండి. కొత్తది కొనేవాడు వెర్రివాడు, అద్దెకి తీసుకునేవాడు ఇంకా వెర్రివాడు.

మొదటిది. "అద్దె సామాను పదిమంది నోట్లో పెట్టుకున్నది. వెట్‌సూట్‌లో ఒంటేలు పోస్తారు." రెండో మాట నిజం. నేనూ పోశాను. తర్వాత ఉతుకుతారు. మొదటి మాటకి మందు సులువు: మౌత్‌పీస్ ఒక్కటి కొత్తది కొనుక్కుని, షాపువాళ్ల చేతికిచ్చి జిప్ టైతో బిగించమనండి. ఆ రబ్బరు ముక్క కోసం ఫుల్ సెట్ కొనడమంటే, ఎంగిలి గ్లాసు నచ్చలేదని హోటలే కొనేసినట్టు.

రెండోది. "మాస్క్‌లో ఏముంది, స్విమ్మింగ్ గాగుల్స్ చాలు." లోతుకి దిగేకొద్దీ నీటి ఒత్తిడి అద్దాల్ని మొహానికి నొక్కుతుంది, ముక్కుతో లోపలికి గాలి ఊది సరిచేసుకోవాలి. ముక్కు బయట పెట్టుకుని గాగుల్స్‌లోకి గాలి ఎలా ఊదుతారో చెప్తే నేనూ నేర్చుకుంటాను. కళ్లు రక్తం రంగుకి తిరిగి పైకొస్తారు. నిజానికి ముందుగా, కొత్తగా, సొంతంగా కొనాల్సిన వస్తువంటూ ఉంటే అది మాస్కే. పట్టీ తగిలించుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో కొద్దిగా పీల్చండి. అతుక్కుని నిలబడితే మీది. జారిపోతే ఎంత ఖరీదైనదైనా మీది కాదు. మీసాలున్నవాళ్లు ఇంకాస్త ఎక్కువ వెతకాలి.

మూడోది. "బీసీడీ ఒక సైజు పెద్దదే తీసుకోండి." బీసీడీ అంటే గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్. పాపం, స్కూల్ యూనిఫాం అనుకున్నాడు. నీటిమీద గాలి నింపగానే అది చెవుల దాకా లేస్తుంది, మీరు కిందే ఉంటారు. పాత బీసీడీ కొనొచ్చు, తప్పులేదు. గట్టిగా ఊది రాత్రంతా వదిలేస్తే తెల్లారేదాకా బిగువుగా ఉండాలి. ఊపితే లోపల ఉప్పు గలగలమనకూడదు. గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదలగానే వెనక్కి రావాలి. అది ఇరుక్కుంటే మిమ్మల్ని అడక్కుండానే పైకి తీసుకెళ్తుంది.

నాలుగోది. "సిలిండర్ ఇనుము, జీవితాంతం ఉంటుంది, ఆక్సిజన్ ఎక్కడైనా నింపిస్తారు." ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులు ఇరికించడం కూడా ఒక విద్యే. అందులో నింపేది గాలి నాయనా, ఆక్సిజన్ కాదు. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటితే అదే విషంగా మారుతుంది. ఫిట్స్ వచ్చి, సిలిండర్ గాలిని పీల్చుకునేలా అందించే రెగ్యులేటర్ నోట్లో నిలవదు. ఇక సిలిండర్ సంగతి: మీకు అద్దెకిచ్చేవి ఎక్కువగా అల్యూమినియంవి. 1980ల చివరిదాకా 6351 అనే అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన సిలిండర్లలో కొన్నిటికి మెడ దగ్గర పగుళ్లొచ్చేవి. కొన్ని గాలి నింపుతుండగానే పేలాయి. తర్వాత 6061 అనే మరో మిశ్రమానికి మారారు. అమెరికాలో ఉన్న బావమరిది గ్యారేజ్ సేల్‌లో కొని పంపింది ఏ కాలం నాటిదో సిలిండర్ భుజం మీది ముద్రలు చదివితే తప్ప తెలీదు. చదవకపోతే దెబ్బ తినేది మీరు కాదు, దాన్ని నింపే కుర్రాడు. అయినా చాలాచోట్ల సిలిండరూ బరువులూ డైవ్ ధరలోనే ఇస్తుంటే, హైదరాబాద్‌లో మంచం కింద సిలిండర్ పెట్టుకుని ఏం చేస్తారు?

ఆరోది. "డైవ్ కంప్యూటర్ దండగ, ఇన్‌స్ట్రక్టర్‌కి ఉంటే చాలు." ఎంత లోతులో ఎంతసేపున్నారో లెక్కకట్టేది అదే. నిన్న మీరు చేసిన రెండు డైవ్‌ల సంగతి ఆయన కంప్యూటర్‌కి తెలీదు. ఆయన 14 మీటర్ల దగ్గర ఆగితే మీరు తాబేలు వెనకాల 18కి దిగారనీ తెలీదు. పాతది కొనుక్కోండి, బ్యాటరీ మూత విప్పి లోపల శుభ్రంగా ఉందో లేదో చూసుకుని.

ఏడోది. "పదిమందికి పంపండి." దీన్ని మాత్రం అందరూ తు.చ. తప్పకుండా పాటించారు.

ఐదోదాన్ని కావాలనే దాటేశాను, ఇదంతా రాయడానికి కారణం అదే కాబట్టి. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "రెగ్యులేటర్ ఇత్తడిది, దానికి ఎక్స్‌పైరీ ఉండదు. సర్వీసింగ్ కంపెనీల నాటకం. సర్వీస్ చేయించాకే పాడవుతుంది. డైవ్ అయ్యాక బకెట్ మంచినీళ్లలో ముంచి, బటన్ నొక్కుతూ బాగా కడిగితే ఇరవయ్యేళ్లు వస్తుంది."

ఇత్తడికి ఎక్స్‌పైరీ లేదు, సరే. కుక్కర్‌కీ లేదు. మరి గాస్కెట్ ఎందుకు మారుస్తారు? సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి ఉంటే, ఫస్ట్ స్టేజ్, అంటే సిలిండర్‌కి బిగించే భాగం, దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే ఓ పది బార్లు ఎక్కువ దాకా దించుతుంది. ఆ దించే చోట పనిచేసేది ఇత్తడి కాదు. వాల్వ్‌ని మూసే గోరంత సీటు, నాలుగు రబ్బరు ఓ-రింగులు.

ఇక ఆ బకెట్టు. సిలిండర్ నుంచి విప్పిన రెగ్యులేటర్‌ని నీళ్లలో ముంచి పర్జ్ బటన్ నొక్కారనుకోండి. నోట్లో పెట్టుకునే భాగం, అంటే సెకండ్ స్టేజ్, దాని వాల్వ్ తెరుచుకుంటుంది. లోపల నీళ్లని ఆపే గాలి ఒత్తిడి లేదు. నీళ్లు హోస్ గుండా తిన్నగా ఫస్ట్ స్టేజ్‌లోకి పోతాయి. రెగ్యులేటర్‌ని పాడుచేసే పద్ధతి చెప్పమని నన్నడిగితే నేను చెప్పేది కూడా ఇదే. ఈ మెసేజ్ రాసినవాడికి ఎక్కడో సర్వీసింగ్ షాపు ఉందని నా గట్టి అనుమానం.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట దేశం వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర నేనూ పాత రెగ్యులేటర్ కొన్నాను. "ప్రతిసారీ బకెట్‌లో ముంచి, బటన్ నొక్కి కడిగేవాణ్ణండీ" అని ముచ్చటగా చెప్పాడు. నేనూ ముచ్చటపడ్డాను. ఋషికొండలో తక్కువ లోతులో పీల్చి చూస్తే వెన్నలా ఉంది. ఆ తర్వాత అండమాన్‌లోని హావ్‌లాక్‌లో 20 మీటర్ల దగ్గర నీటి ప్రవాహం ఎదురొచ్చింది. గట్టిగా కాళ్లాడించేసరికి ఊపిరి చాలలేదు. బొండాంలో నీళ్లయిపోయాక స్ట్రాతో అడుగు పీలుస్తున్నట్టుంది. ఆ లోతులో ఒక్కో ఊపిరికీ పైన పీల్చేదానికి మూడింతలు గాలి ఆ యంత్రంలోంచి రావాలి. ఒడ్డున సరిపోయిన దారి అక్కడ సరిపోలేదు. పక్కనున్నవాడి ఆక్టోపస్, అంటే స్పేర్‌గా ఉండే రెండో సెకండ్ స్టేజ్, అందుకుని, అతని చెయ్యి పట్టుకునే పైకొచ్చాను. విప్పించి చూస్తే ఫస్ట్ స్టేజ్ ఫిల్టర్ నిండా చిలుము. చింతపండు మొహం చూడని ఇత్తడి చెంబు లాగా పచ్చగా ఉంది. బాగుచేయించడానికి అయిన ఖర్చు నేను కొన్న ధర దాటింది.

కాబట్టి పాతది కొనేవాళ్లు ముందు డస్ట్ క్యాప్ తీసి ఆ ఫిల్టర్ చూడండి. పచ్చగా ఉంటే నీళ్లు పోయాయి, ఎర్రగా ఉంటే ఏదో సిలిండర్‌లోని తుప్పు దిగింది. క్యాప్ బిగించి మౌత్‌పీస్‌లోంచి పీల్చండి, గాలి రాకూడదు. హోస్‌లు లోహంతో కలిసేచోట వంచి పగుళ్లున్నాయేమో చూడండి. సిలిండర్‌కి బిగించే తీరులో అది డిన్ రకమా, యోక్ రకమా, మీరు వెళ్లే చోటి సిలిండర్లకి సరిపోతుందా అడగండి. అన్నిటికంటే ముందు ఆ మోడల్‌కి సర్వీస్ కిట్ దొరుకుతుందో లేదో కనుక్కోండి. డాకోర్ అని ఒకప్పుడు అమెరికాలో పేరున్న కంపెనీ. మారెస్‌వాళ్లు కొనేశాక ఆ పేరే కనుమరుగైంది. దాని రెగ్యులేటర్ ఎవరైనా కారుచవగ్గా ఇస్తానంటే ఎందుకు చవకో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. "సర్వీస్ చేయించాకే పాడవుతుంది" అన్నది ఉత్త కూత కాదు. కొత్త సీటు కుదురుకునేలోపు ఒత్తిడి అటూ ఇటూ అవుతుంది. బిగించేటప్పుడు ఓ-రింగ్ నలిగితే మొదటి డైవ్‌లోనే గాలి బుసకొడుతుంది. అందుకే సర్వీస్ నుంచి వచ్చిన రెగ్యులేటర్‌తో నేను ముందు ఆరు మీటర్లు దాటను. ఏటా సర్వీస్ తప్పనిసరి అని షాపుల్లో చెప్పే మాట కూడా అన్ని బ్రాండ్లకీ వర్తించదు. రెండేళ్లకో, వంద డైవ్‌లకో ఒకసారి చాలని రాసిన కంపెనీలున్నాయి. మాన్యువల్ చదువుకోండి. అలాగే మొదటి రోజే అన్నీ కొత్తవి కొనమని నేనూ చెప్పను. మాస్క్ కొనుక్కుని, ఓ ఇరవై డైవ్‌లు అద్దె సామానుతో చేస్తే ఏది నచ్చుతుందో మీ ఒంటికే తెలుస్తుంది.

ఇదంతా మెసేజ్ పంపిన ఆ పెద్దమ్మ కొడుక్కి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయితే అన్నా, నీ పాత రెగ్యులేటర్ బాగుచేయించావుగా, నాకిచ్చేయ్" అన్నాడు. ముందు పది నిమిషాలు మునక్కుండా తేలి చూపించమన్నాను.