ఎన్‌క్రిప్ట్ చేశాం సార్!

మన అప్లికేషన్ పేమెంట్ గేట్‌వేతోనో, ఎస్సెమ్మెస్ సర్వీసుతోనో, క్లౌడ్ స్టోరేజీతోనో మాట్లాడాలంటే పాస్‌వర్డ్ లాంటి ఒక రహస్య కీ ఉండాలి. అది చేతికి చిక్కినవాడు మన పేరు మీద మెసేజులు పంపుతాడు, కస్టమర్ల వివరాలన్నీ దించుకుపోతాడు. అందుకని దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇంకో కీ లేనిదే ఎవరూ చదవలేని రాతగా మార్చి, దాచమన్నారు పెద్దలు. మనవాళ్లు పెద్దల మాట జవదాటరు. ఈమధ్య ఒక అప్పులిచ్చే కంపెనీ కోడ్ నా కంటపడింది. ఏఈఎస్-256 అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశారు. ఎన్ని కంప్యూటర్లు పెట్టి ఎన్నేళ్లు కుస్తీ పట్టినా విడిపోని ముడి అది. విప్పే కీని మాత్రం అదే ఫైల్లో కింది లైన్లో రాసి, పక్కన 'ఇది డీక్రిప్షన్ కీ' అని కామెంట్ కూడా పెట్టారు. దొంగకి ఏ అనుమానమూ మిగలకూడదు కదా!

ఈపాటి శ్రమ కూడా పడలేనివారికి బేస్64 ఉంది. ఏ కీ అక్కర్లేకుండా ఎవరైనా క్షణంలో వెనక్కి మార్చుకోగల రాత అది. కాకపోతే చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది, చాలాసార్లు చివర్లో ఈక్వల్ టు గుర్తులు కూడా ఉంటాయి. మేనేజర్లకి ఆ గుర్తులు చాలు. సర్వర్లలో ప్రోగ్రాములు నడిపించే కుబెర్నెటిస్‌లో 'సీక్రెట్' పేరుతో పెట్టేవి కూడా మామూలుగా ఇంతే. మనం పనిగట్టుకుని ఏర్పాటు చేస్తే తప్ప ఎన్‌క్రిప్ట్ కావు. ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అంటే పరమ భద్రంగా ఉంది, అక్కడికి ఎవరూ వెళ్లరు.

ఈ విద్య శోభ పూర్తిగా చూడాలంటే మాత్రం ఆడిట్ రోజు వెళ్లాలి.

"క్రెడెన్షియల్స్, అదే కీలు, ఎన్‌క్రిప్ట్ చేశారా?" ఎక్సెల్ షీట్ మీంచి తలెత్తకుండా అడుగుతాడు ఆడిటర్.

"చేశాం సార్."

"దాని కీ ఎక్కడుంది?"

"అదీ ఎన్‌క్రిప్ట్ చేశాం సార్."

"మరి దాని కీ?"

"దాన్నీ చేశాం సార్."

"ఆఖరి కీ ఎక్కడుందండీ బాబూ?"

టీమ్ లీడ్ మేనేజర్ వైపు చూస్తాడు. మేనేజర్ ఏసీ వైపు చూస్తాడు. "అది మా పాత లీడ్ గారికి తెలుసండీ." పిలవండి అంటే, ఆయన కంపెనీ మారి డల్లాస్‌లో ఉన్నారు, అక్కడిప్పుడు అర్ధరాత్రి. "మరి సర్వర్ ఎలా నడుస్తోంది?" "ఆయన పెట్టి వెళ్లాక ఎవరం ముట్టుకోలేదు సార్." ఆడిటర్‌కి ఈ జవాబు బాగా నచ్చుతుంది. 'యాక్సెస్ పరిమితం' అన్న గడిలో టిక్కు పెడతాడు. కీలు 90 రోజులకోసారి మారుస్తున్నారా? "పాలసీ ఉంది సార్." టిక్కు. కొత్తగా చేరినవాళ్లకి కీలు ఎలా ఇస్తారు? వాట్సాప్ గ్రూపులో. గ్రూపు పేరు 'ప్రొడ్ కీస్ - డోంట్ షేర్'. అందులో ఉద్యోగం మానేసినవాళ్లున్నారు, ఇంకా చేరనివాళ్లున్నారు, ఎప్పుడో టీమ్ లంచ్ కోసం యాడ్ చేసిన బిర్యానీ కేటరర్ కూడా ఉన్నాడు. ఎవరైనా కీ అడిగితే అందరికంటే ముందు వెతికి పంపేది ఆయనే. "వాట్సాప్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ సార్!" అంటాడు మేనేజర్. టిక్కు.

మనవాళ్లనే అంటే అన్యాయం. 2016లో ఊబర్ ఇంజనీర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లోకి దూరినవాళ్లకి అమెజాన్ క్లౌడ్ కీ అక్కడే దొరికింది. దాంతో 5.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ కంపెనీ దొంగలకి లక్ష డాలర్లు చదివించి, 2017 నవంబర్ దాకా బయటికి పొక్కనివ్వలేదు. టొయోటా కథ ఇంకా ప్రశాంతమైనది. ఒక సబ్‌కాంట్రాక్టర్ చలవతో కీ ఉన్న కోడ్ 2017 డిసెంబర్ నుంచి 2022 సెప్టెంబర్ దాకా గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉంది. దాదాపు అయిదేళ్లు!

ప్రోగ్రాం వాడాలంటే కీని ఎక్కడో ఒకచోట విప్పక తప్పదు, ఒప్పుకుంటాను. కస్టమర్ పాస్‌వర్డ్ అయితే హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని రాతగా మార్చి, పెట్టుకుంటే చాలు, అసలుది మనకి అక్కర్లేదు. గేట్‌వే కీ అలా కాదు, అసలుదే కావాలి. అందుకే విప్పే కీని కోడ్‌కి దూరంగా, కీలు దాచడానికే ఉన్న వాల్ట్‌లో పెట్టమంటారు, ఒక్కో కీకి దాని పనికి సరిపడా అనుమతే ఇవ్వమంటారు, తరచూ మార్చమంటారు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఒక స్ప్రింట్, అంటే కొన్ని వారాల పని. ఆ స్ప్రింట్‌లో మాత్రం ఎప్పుడూ హోమ్‌పేజీలో దీపావళి బ్యానర్ ఉంటుంది.

తీరా కీ బయటపడ్డాక "డిలీట్ చేశాం సార్" అంటారు. కోడ్‌లో పాత మార్పులన్నీ దాచే గిట్ హిస్టరీలో అది అలాగే ఉంటుంది, దొంగ ముందు చూసేదే హిస్టరీ. ఆ తర్వాత చేరి ఆర్నెల్లైనా కాని ఒక ఫ్రెషర్‌ని పట్టుకుంటారు. కోడ్‌లో ఆ మార్పు (కమిట్) వాడి పేరు మీద ఉంది కాబట్టి తప్పు వాడిదే. ఆ కీని వాడికి వాట్సాప్‌లో పంపిన పెద్దమనిషి, విచారణ కమిటీకి ఛైర్మన్. సాయంత్రానికి వాడి ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తీసేసుకుంటారు. కీ మార్చాలన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

కస్టమర్లకి ఒక ఉత్తరం వెళ్తుంది: 'మీ గోప్యతే మాకు ప్రాణం.' సిగ్గుండాలి! ఖమ్మం పక్కన ట్రాక్టర్ మీద లోన్ తీసుకున్న రైతుకి ఫోన్ వస్తుంది. అవతలివాడికి లోన్ నంబర్ తెలుసు, కిస్తీ ఎంతో తెలుసు, తేదీ తెలుసు. అన్నీ నిజాలే చెబుతుంటే నమ్మక ఏం చేస్తాడు? ఓటీపీ చెప్పాడు, డబ్బు పోయింది. 'చదువు లేకపోతే ఇంతే' అని నవ్వుతారు ఏసీ గదుల్లో. ఆయనకి చదువు లేదు. బీటెక్కులు చదివి తాళాన్నీ కీనీ ఒకే ఫైల్లో పెట్టిన మీకేమైంది? ఆయన ఆధార్ మీరు అడిగితేనే ఇచ్చాడు. ఇవ్వకపోతే లోన్ రాదన్నారు కాబట్టి ఇచ్చాడు.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో ఇలాంటి నిర్లక్ష్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అది వసూలైతే భారత సంచిత నిధిలోకి వెళ్తుంది. రైతుకి అందులోంచి పైసా రాదు. ఆయన కొత్త సిమ్ కొనుక్కుని, బ్యాంకులో నంబర్ మార్పించుకుని, ఆధార్ కేంద్రం ముందు లైన్లో నిలబడాలి. అక్కడ సర్వర్ డౌన్.