మచ్చలేని ఫిల్ముకు మనవి

మహారాజశ్రీ రెండో ఎమ్మారై ఫిల్ము గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. కానీ కుశలం మీ ఒక్కరిదే. నిన్న కవిటి నుంచి శ్రీకాకుళం వచ్చి, మధ్యాహ్నమంతా టోకెను పట్టుకుని కూర్చుని, తీరా మా వంతు వచ్చాక అమ్మ డాక్టరు ముందు చెయ్యి చాపలేదు. మిమ్మల్ని చాపింది. తర్వాత పట్టీ చుట్టి చూస్తే బీపీ 190/110.

మీ అక్కగారు, మొదటి ఫిల్ము, ఇంత మోసకారి కాదు. ఆ రోజు బీపీ 220/130. తలపోటు, వాంతులు, కళ్ళ ముందు మసక. మసక అనగానే కళ్ళజోడు కొనిచ్చిన తెలివైన సంతానం మేము. ఆ జోడుతోనే అమ్మకు ఫిట్సు వచ్చాయి. సీటీ స్కాను ఏమీ లేదంది (ఆ డబ్బు సంగతి ఇంకో ఉత్తరంలో). మీ అక్కగారే చూపించింది: తల వెనకవైపు, రెండు పక్కలా, సున్నం చిందినట్టు తెల్లటి మరకలు. కళ్ళు పంపిన బొమ్మను పోల్చుకునే చోటు అదేనట. కళ్ళజోడు ఏం చేస్తుంది?

రక్తపోటు పెరిగినప్పుడు మెదడులోని సన్న నాళాలు బిగిసి రక్తాన్ని అదుపు చేస్తాయి. మరీ మించితే ఆ పట్టు సడలి, నీరు బయటికి ఊరుతుంది. వెనకభాగపు నాళాలకు కాపలా తక్కువ కనుక ముందు అక్కడే. 1996లో ఈ జబ్బును (ఇప్పుడు ‘ప్రెస్’, PRES, అంటున్నారు) వర్ణించిన వైద్యులు పేరులోనే ‘తిరిగి సర్దుకునేది’ అన్న మాట చేర్చారు. నా గొడవంతా ఆ మాటతోనే. అందరికీ సర్దుకోదని డాక్టరు చెప్పింది అమ్మ చెవిన పడలేదు. తొలి గంటలో పావువంతుకు మించకుండా, ఆచితూచి బీపీ దించిన వాళ్ళ కష్టమూ ఆమె లెక్కలో లేదు. మూడు వారాలకు మీరు కడిగిన పళ్ళెంలా వచ్చారు, అంతే.

అప్పటినుంచి మీరు క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతున్నారు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ట్యూబులైటు వెలుగులో దర్శనం. మా ఉద్దానంలో కిడ్నీ కథ లేని వీధి ఉందా? కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, చేయించుకుందామంటే మీరు అడ్డు. ఉప్పుచేప వద్దంటే మీరు అడ్డు. ‘ఫొటోలోనే ఏమీ లేదు, నీకెందుకురా బెంగ!’

రాత్రి కందిపప్పు డబ్బా అడుగున మాత్రల అట్ట దొరికింది. పదిలో తొమ్మిదింటి రేకు చెక్కుచెదరలేదు. పదోది చినిగింది, మాత్ర లోపలే ఉంది. ఫోనులో ‘వేసుకున్నావా’ అని నేను అడిగినప్పుడు నాకు చప్పుడు వినిపించడానికట!

ఇక ‘గారు’ నావల్ల కాదు. నువ్వు తీసిన రోజుకే సాక్షివి. ఆ పూట నీరు ఇంకిపోయిందని చెప్పావు, అంతవరకే నీ పని. రేపటి సంగతి నీకేం తెలుసు? ఉప్పుచేపకు పూచీ నువ్వెవరు?

చించేద్దామని మేకు మీదనుంచి తీశాను. ఎందుకో ట్యూబులైటుకెత్తి ఆ వెనకభాగమంతా మళ్ళీ వెతికాను. మరక లేదు. కవరులో పెట్టి, బీరువా మీద పాత సూట్‌కేసు వెనక దాచాను.

ఇట్లు,
కళ్ళజోడు కొన్న కొడుకు

తా.క. పొద్దున అమ్మ మాత్ర వేసుకుంది. నాలుక ఎత్తించి మరీ చూశాను.