చపాతీ మానేసే ముందు ఒక్క రక్తపరీక్ష

మా అక్కది దేవరకొండ. ఏడేళ్ల కింద షుగర్ బయటపడగానే రాత్రి అన్నం బంద్ చేసి చపాతీ మొదలుపెట్టింది. మన దగ్గర ఏ ఇంట్ల చూసినా ఇదే కదా. కొన్నాళ్లకు కడుపుబ్బరం, రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలు. బస్సెక్కాలంటే భయపడి పెళ్లిళ్లకు పోవడమే మానేసింది. ఎక్కడ చూపించినా "ఐబీఎస్ అమ్మా, పేగు సరిగ్గా పనిచేయకపోవడమే, టెన్షన్ పెట్టుకోకు" అని గోలీలు రాసిచ్చారు. రక్తం తక్కువుందని ఐరన్ గోలీలు వేరే. ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ పెరగలేదు. అక్కడే ఎవరికైనా అనుమానం రావాల్సింది.

నిరుడు నేను సెలవుల్లో వెళ్లి హైదరాబాద్ తీసుకుపోతే, ఒక డాక్టరమ్మ టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష చేయించింది. అది ఎక్కువగా వచ్చింది. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి ముక్క తీసి చూస్తే సీలియాక్ అనే జబ్బని ఖాయమైంది. గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమలాంటి ధాన్యం) గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి పోతే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే పడుతుంది. పేగు లోపలి నూగు అరిగిపోయి తిన్నది ఒంటబట్టదు. ఐరన్ గోలీలు పనిచేయనిది అందుకే.

"ఇది ఉత్తరాది జబ్బు, మనకెందుకొస్తుంది?" అనేవాళ్లున్నారు. 2016లో వచ్చిన అధ్యయనంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు (రక్తంలోని రక్షణ ప్రోటీన్లు) ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి కనిపిస్తే, దక్షిణాదిలో 0.10 మందికే కనిపించాయి. కానీ ఈ జబ్బుకు తోడ్పడే జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా తిండిలో ఉంది: అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు. రాత్రికి మూడు చపాతీలు, పొద్దున ఉప్మా తినే ఇంట్లో ఆ 25 ఎప్పుడో దాటిపోయింది!

ఐబీఎస్ ఉత్తిదని నేననను. చాలామందికి ఉన్నది అదే. అయినా ఆ పేరు పెట్టే ముందు, అందులోనూ విరేచనాలున్నప్పుడు, ఈ పరీక్ష చేయాలని అమెరికా, బ్రిటన్ డాక్టర్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనవాళ్లకు ఫోన్ చేసినప్పుడు అడగండి, ఇది చేశారా అని. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ అనే యాంటీబాడీ తక్కువ ఉంటుంది, అప్పుడు ఈ పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు కాబట్టి మొత్తం ఐజీఏ కూడా చూడమనండి. ఒక్క మాట గట్టిగా చెప్పండి: పరీక్షకు ముందు చపాతీ మానొద్దు. మానేసి పోతే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు.

ఇప్పుడు అక్క జొన్నరొట్టెకు వచ్చింది. మా అమ్మ చేసిన రొట్టే అది. కానీ గిర్నీలో గోధుమల తర్వాత జొన్నలు పోస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది. అందుకే ఇంట్లోనే చిన్న మిషన్ పెట్టుకుంది. ఇంగువ డబ్బా వెనక అక్షరాలు చదివితే అందులోనూ గోధుమపిండి ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టింది. మూడు నెలల తర్వాత ఒంటరిగా బస్సెక్కి నల్లగొండ వచ్చింది.

తోబుట్టువులకు, పిల్లలకు కూడా వచ్చే అవకాశం ఎక్కువ కనుక నేనూ చేయించుకున్నా, లేదని వచ్చింది. మేనకోడలు వచ్చే వారం రక్తం ఇస్తుంది. అప్పటిదాకా రోజూ చపాతీ తినమని చెప్పాను.