ఆయుష్మాన్ కార్డు ఒక్కటుంటే చాలా?

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజీ ఇది: “ఫోన్‌లో అయిదు నిమిషాల్లో ఆయుష్మాన్ కార్డు చేసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికి 5 లక్షలు. దేశంలో ఏ ఆస్పత్రికైనా వెళ్లొచ్చు. ఓపీ, మందులు అన్నీ ఫ్రీ. ముందు కట్టిన డబ్బు కూడా వెనక్కొస్తుంది. ఇక ఆరోగ్యశ్రీతో, రేషన్ కార్డుతో పనిలేదు. 70 దాటినవాళ్లకు ప్రైవేటు బీమా ఉంటే మాత్రం ఇది రాదు.” తెలంగాణలో ఉండేవాళ్లు దీన్ని నమ్ముకుని పేషెంటును తీసుకెళ్తే కౌంటర్ దగ్గరే చుక్కెదురవుతుంది. ఒక్కో మాటే తీసుకుందాం.

“అయిదు నిమిషాల్లో కార్డు.” ఆధార్, ఫోన్ ఉంటే ఎవరికైనా నిమిషాల్లో వచ్చేది ‘ఆభా’. దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. మీ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు ఒకచోట దాచుకునే ఆరోగ్య ఖాతా అది. అందులో రూపాయి బీమా లేదు. ‘ఆయుష్మాన్’ అన్న పేరు రెండింటి వెనకా ఉండటంతో జనం తికమకపడుతున్నారు. చికిత్సకు పనికొచ్చేది కేంద్ర ప్రభుత్వ పథకమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కార్డు, దానిమీద ‘పీఎంజేఏవై’ అని ఉంటుంది. అది అర్హుల జాబితాలో పేరున్న కుటుంబాలకు, 70 ఏళ్లు నిండినవాళ్లకు వస్తుంది. పేరుందో లేదో ఆ పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కార్డుకు ఫీజు లేదు. ఎవరైనా అడిగారంటే అది మోసమే.

“ఒక్కొక్కరికి 5 లక్షలు.” కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి ఏడాదికి 5 లక్షలు. ఒక్కరికే మొత్తం ఖర్చయిపోతే ఆ ఏడాది మిగతావాళ్లకు ఏమీ మిగలదు. కుటుంబంలో ఇంతమందే ఉండాలన్న పరిమితి లేదు, పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మెసేజీ రాసినవాళ్లు ఈ రెండు మంచి సంగతులూ వదిలేశారు!

“ఏ ఆస్పత్రికైనా.” జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే పథకంతో ఒప్పందం చేసుకున్న ఆస్పత్రికే వెళ్లాలి. అదీ చాలదు, మీ జబ్బుకు సంబంధించిన విభాగం కూడా నెట్‌వర్క్‌లో ఉండాలి. ఎముకల చికిత్సకు అనుమతి ఉన్న చోట గుండెకు ఉండకపోవచ్చు. కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వాస్పత్రులకే కేటాయించారు. 2025లో ప్రభుత్వం తమకు చెల్లించాల్సిన బకాయిల కోసం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు కొన్నాళ్లు సేవలే ఆపేశాయి. అందుకే బయల్దేరే ముందు ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి, ఆస్పత్రి పేరు, జబ్బు పేరు రెండూ చెప్పి అడగండి. ఆస్పత్రి పేరొక్కటే చెబితే “ఉంది” అనే జవాబొస్తుంది, ఆ జవాబు సగమే.

ఆస్పత్రిలోకి వెళ్లాక రిసెప్షన్ దగ్గర ఆరోగ్యమిత్ర, అంటే పథకం తరఫున పేషెంట్లకు సాయం చేసే ఉద్యోగి ఉంటారు. కార్డు నంబరు ఎక్కించి, పేషెంటు ఫొటో తీసి, డాక్టరు రాసిన నోట్సు, రక్తపరీక్షలు, స్కాన్ ఫిల్ములు జతచేసి పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ముందస్తు అనుమతి కోసం పంపుతారు. అక్కడి డాక్టర్లు చూసి అనుమతిస్తారు, లేదంటే ఏదో రిపోర్టు తక్కువైందని వెనక్కి పంపుతారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఫోన్ మీద అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత పెడతారు. ఎక్కువగా ఆగిపోయేది జబ్బు వల్ల కాదు, పేరు వల్ల. కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉంటుంది. పసిబిడ్డ పేరు ఎక్కే ఉండదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, కార్డులో ఇంకోలా ఉంటుంది. ఇవి మంచాన పడ్డాక సరిచేసుకునే పనులు కావు. ఒంట్లో బాగున్నప్పుడే మీసేవలో చూసుకోవాలి.

“ఓపీ, మందులు ఫ్రీ.” పథకం ఆస్పత్రిలో చేరినవాళ్లకు. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులు కేంద్ర పథకం ప్యాకేజీలోనే, అంటే చికిత్సకు ముందే నిర్ణయించిన ధరలోనే కలిసి ఉంటాయి. డయాలసిస్, కీమోథెరపీ లాంటివాటికి రాత్రి ఉండనక్కర్లేదు, అయినా వర్తిస్తాయి. నెలనెలా వాడే షుగర్, బీపీ మాత్రలు మాత్రం ఇందులో రావు. వాటికి దారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) లేదా బస్తీ దవాఖానా.

“కట్టిన డబ్బు వెనక్కొస్తుంది.” ఇది నగదురహిత పథకం. బిల్లులు పెట్టి తెచ్చుకునే ప్రైవేటు బీమా లెక్క ఇక్కడ నడవదు. స్టెంటుకో, ఇంప్లాంటుకో ‘తేడా సొమ్ము’ కట్టమంటే కట్టకండి, ప్యాకేజీలో ఉన్నవాటికి ధర అందులోనే కలిపి ఉంటుంది. తప్పనిసరై కడితే రసీదు తీసుకుని వెంటనే 104కు ఫిర్యాదు చేయండి. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలో చేరి బిల్లు కట్టినవాళ్లకు మిగిలేది ముఖ్యమంత్రి సహాయనిధి. దానికి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, బ్యాంకు వివరాలు కావాలి. ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకుంటారు. అయితే అది హక్కు కాదు, సాయం. కట్టినదంతా వస్తుందని అనుకోవద్దు.

“ఆరోగ్యశ్రీ అక్కర్లేదు.” అన్నిటికన్నా నష్టం చేసే మాట ఇదే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీకి తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. కేంద్రం ఇచ్చేదానికి రెట్టింపు. 2021లో తెలంగాణ కేంద్ర పథకంలో చేరింది గానీ ఆరోగ్యశ్రీని ఎత్తేయలేదు, రెండింటినీ కలిపి నడుపుతోంది. కేంద్ర జాబితాలో లేని ఎన్నో కుటుంబాలకు ఆధారం ఆహార భద్రత కార్డు (రేషన్ కార్డు) ద్వారా వచ్చే ఆరోగ్యశ్రీయే. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. కేంద్ర కార్డు నిజంగా ఉపయోగపడేది ఊరు విడిచినవాళ్లకు. భివండీలోనో, సూరత్‌లోనో మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు అర్హుల జాబితాలో ఉంటే అక్కడి నెట్‌వర్క్ ఆస్పత్రిలోనే చేరొచ్చు.

“70 దాటినవాళ్లకు ప్రైవేటు బీమా ఉంటే రాదు.” వస్తుంది. 2024 అక్టోబరు 29న మొదలైన వయ వందన కార్డుకు ఆదాయంతో పనిలేదు. ప్రైవేటు పాలసీ ఉన్నా, ఈఎస్‌ఐ ఉన్నా అర్హులే. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం)లో ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లో ముసలాయనా, ముసలామా ఇద్దరూ 70 దాటితే 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. ఆ కుటుంబం ముందే కేంద్ర పథకంలో ఉంటే, ఇది దానికి అదనం, పెద్దవాళ్లకే ప్రత్యేకం. వయసు చూసేది ఆధార్‌లో. చాలామంది పెద్దవాళ్లకు అందులో పుట్టిన సంవత్సరం అంచనాగా వేసిందే, అసలు వయసు కన్నా రెండు మూడేళ్లు తక్కువ పడి ఉంటుంది. అలాంటప్పుడు ముందు ఆధార్ కేంద్రంలో పుట్టిన తేదీ దిద్దించుకుని, తర్వాతే కార్డుకు వెళ్లాలి.