షో జంపింగ్ అడ్డకర్ర గారికి

మహారాజశ్రీ అడ్డకర్ర గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి నోరు రావడం లేదు. తమరు కుశలమేనని నిన్న సాయంత్రం కళ్లారా చూశాను. డ్రెసాజ్ విన్యాసాలు, క్రాస్ కంట్రీ పరుగు, ఆఖరున తమరి షో జంపింగ్ కలిసిన ఈవెంటింగ్ పోటీలో మొదటి నుంచీ ముందంజలో ఉన్న రౌతు ఆఖరి అడ్డంకి దూకించాడు. గుర్రం వెనక గిట్ట తమరిని తాకీ తాకనట్టు తాకింది. తమరిని మోసే కప్పులో అటు దొర్లారు, ఇటు దొర్లారు. గుర్రం నేల మీదికి దిగి రెండంగలు వేసింది. రౌతు దాని మెడ తట్టబోయాడు. అప్పుడు పడ్డారు, తీరుబడిగా. అంత తీరిక ఉన్నవారు అక్కడే కూర్చుంటే ఏం పోయింది?

అంతకుముందు ఇంకో గుర్రం ముందుకాళ్లతో ఫెళ్లున బాదితే, గాలిలోకి ఎగిరి మళ్లీ కప్పులోకే వచ్చి కూర్చున్నారు. ఆ రౌతుకు ఏమీ పోలేదు. బాదినవాడికి మాఫీ, తాకినవాడికి 4 పెనాల్టీ పాయింట్లు! క్రాస్ కంట్రీలో ఆలస్యమైన ప్రతి సెకనుకు 0.4 వేస్తారు కాబట్టి, ముందురోజు నీటిగుంటలూ కందకాలూ దాటుతూ ప్రాణాలకు తెగించి కాపాడుకున్న పది సెకన్లు తమరి ఒక్క దొర్లుడుతో సరి.

డ్రెసాజ్ న్యాయనిర్ణేతల మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. ఆ మార్కుల మర్మం వారికే ఎరుక. ఆఖరి రోజు పొద్దున్నే గుర్రాన్ని నడిపించి, కుంటుతోందా అని కనుబొమలు ముడిచే వైద్యులంటే గుండెదడ. అయినా వాళ్లు మనుషులు, తిడితే వినబడుతుంది.

రౌతు కొద్దీ గుర్రం అంటారు. జర్మనీ రౌతు మైకేల్ యుంగ్ కథ చూస్తే మాత్రం కర్ర కొద్దీ రౌతు అనిపిస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆఖరి అడ్డంకి దాకా బంగారం స్వీడన్ రౌతు సారా ఆల్గోట్సన్ ఓస్థోల్ట్‌దే. తమరు పడ్డారు. బంగారం యుంగ్‌కు వెళ్లింది, అదీ సరిగ్గా ఆయన 30వ పుట్టినరోజున. కానుక అనుకున్నాం, అప్పట్లో. 2013లో ఇంగ్లండ్‌లోని బ్యాడ్మింటన్ అనే ఊళ్లో జరిగే గుర్రపు పోటీల్లో అదే యుంగ్, అదే గుర్రం శామ్, మళ్లీ ఆఖరి అడ్డంకి. వడ్డీతో వసూలు చేసుకుని గెలుపును జాక్ ప్యాజెట్ చేతిలో పెట్టారు. 2022లో ఇటలీలోని ప్రతోనీ ప్రపంచ పోటీల్లో చివరి రోజుకు ముందున్నది ఆయనే. ఒకటి చాలదని రెండు కర్రలు రాలాయి, అయిదో స్థానం. కెంటకీ, బర్లీ, బ్యాడ్మింటన్ వరసగా గెలిచి బ్రిటన్ రౌతు పిప్పా ఫనెల్ తర్వాత గ్రాండ్ స్లామ్ సాధించిన మనిషికి తమరి దగ్గర దక్కిన మర్యాద ఇది.

టోక్యో ఒలింపిక్స్‌లో తమ దాయాది కూడా చెయ్యి చేసుకుంది. క్రాస్ కంట్రీలో యుంగ్ గుర్రం చిప్‌మంక్ వెనక కాలు తగలగానే అడ్డంకిని పట్టి ఉంచే పిన్ను ఊడింది, దుంగ ఒరిగింది. 11 పాయింట్లు. అప్పీలు చేసినా లాభం లేకపోయింది. ఎనిమిదో స్థానం. కడుపు మండింది. అయినా ఆ పిన్నును ఏమీ అనను. కదలని దుంగకు కాలు తగిలి, గుర్రం పల్టీ కొట్టి రౌతు మీద పడి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అది ఊడితే ఒక మనిషి బతుకుతాడు. నువ్వు పడితే ఎవరు బతుకుతారు? చెప్పు! రంగులు పూసుకుని, పక్కన పూలకుండీలు పెట్టించుకుని, ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి గుర్రాన్ని తోమి మేపి నేర్పినవాళ్ల బతుకును లోతులేని కప్పులో పెట్టుకుని ఊగుతావా?

వెర్సాయ్‌లో ఏమైందో మరి. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు అక్కడ యుంగ్ డ్రెసాజ్‌లో 17.8 పెనాల్టీలే తెచ్చుకున్నాడు, ఎంత తక్కువైతే అంత మేలు. జంపింగ్‌లో నీ వాటా 4 నువ్వు గుంజుకుంటే 21.8 అయింది. రెండో స్థానంలో ఉన్న క్రిస్టఫర్ బర్టన్‌ది 22.4. ఇంకొక్కసారి దొర్లి ఉంటే చాలు. దొర్లలేదు. మూడో వ్యక్తిగత ఒలింపిక్ బంగారం, ఈవెంటింగ్‌లో ఇంకెవరికీ లేనిది. ఆ రోజు నిన్ను ముద్దుపెట్టుకోవాలనిపించింది, అబద్ధమెందుకు.

నిన్నటితో ఆ ముద్దు రద్దు.

ఇట్లు,
తమ పతనం ఏనాడూ కోరని
శ్రేయోభిలాషి