రెండు విజిల్స్ రానిచ్చి దించెయ్ అంటే సరిపోదు

మొన్న ఆదివారం మా అబ్బాయి హైదరాబాద్‌లో తన రూమ్ నుంచి వీడియో కాల్ చేశాడు. "అమ్మా, కుక్కర్‌లో పప్పు పెట్టి ఇరవై నిమిషాలైంది, ఒక్క విజిల్ కూడా రాలేదు. వెయిట్ ఎత్తి చూశా, సౌండ్ లేదు. ఆవిరంతా పోయినట్టుంది, మూత తీసేస్తున్నా" అన్నాడు. ఫోన్ గట్టు మీద ఆనించి ఉంది. వాడి చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. మూత అంచు చుట్టూ పప్పు నురగ పసుపు గీతలా కారుతోంది. "చెయ్యి తియ్యి నాన్నా! స్టౌ కట్టేసి బయటికి వచ్చెయ్!" అని అరిచాను. నా అరుపుకి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది.

గంటసేపు దాని జోలికి పోనివ్వలేదు. పూర్తిగా చల్లారాక మూత తీయించి, లైటుకేసి పెట్టి చూడమన్నాను. వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుతురు రావట్లేదు. పిన్నీసుతో పొడిస్తే చిన్న టమాటా తొక్క, దానికి అతుక్కుని ఒక పప్పు బద్ద బయటపడ్డాయి.

కొత్తగా వంట చేసేవాళ్ళు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. గొట్టం మూసుకుపోతే వెయిట్ ఎత్తినా బుస్సుమనదు. సౌండ్ లేదు కాబట్టి ప్రెషర్ లేదనుకుంటారు. లోపల మాత్రం నీళ్ళు 120 డిగ్రీల దాకా కాగి ఉంటాయి. అప్పుడు మూతని బలవంతంగా తిప్పితే ఆ పప్పంతా ముఖానికే. సౌండ్‌ని నమ్మొద్దు. కుక్కర్ దానంతటది చల్లారి, మూత తేలిగ్గా కదిలితేనే తియ్యాలి. బిగుసుకుని ఉంటే ఇంకా ఆగాలి. పప్పు పొంగుతుంది కాబట్టి నీళ్ళతో కలిపి సగానికి మించకూడదు, అన్నమైనా అంతే. మూత లోపలి రబ్బరు రింగు, అదే గాస్కెట్, గట్టిపడి పగుళ్ళిస్తే మార్చెయ్యాలి. సేఫ్టీ వాల్వ్ పోతే ఆ కంపెనీదే వెయ్యాలి, సందు చివర కొట్లో దొరికే ఏదో ఒకటి కాదు.

నాకు కోపం వాడి మీద కాదు. స్టీలు సామాను, ఆవకాయ, కందిపొడి, నెయ్యి అన్నీ సర్ది పంపాను. పోపులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో రెండుసార్లు చెప్పాను. ఈ గొట్టం సంగతి ఒక్కసారీ చెప్పలేదు. మనందరం చేస్తున్నది ఇదే. పిల్లలు ఫోన్ చేస్తే రుచి చెబుతాం, కొలతలు చెబుతాం, "రెండు విజిల్స్ రానిచ్చి దించెయ్" అని పెట్టేస్తాం. ఆడపిల్లలకైతే "చెయ్యగా చెయ్యగా అదే వస్తుంది" అంటాం. అంటే ఒకట్రెండు సార్లు కాల్చుకుని నేర్చుకోమనే కదా? మగపిల్లలకి అసలేమీ చెప్పం. వంట వీడియోల్లో నూనె సలసల కాగుతుంటుంది కానీ, అది అంటుకుంటే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు.

నూనె అంటుకుంటే ఎవరికైనా ముందు తోచేది నీళ్ళే. అదే ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్ళు నూనె కన్నా బరువు, అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతాయి, ఆ విసురుకి మండే నూనె పైకప్పు దాకా లేస్తుంది. చెయ్యి అందితే స్టౌ కట్టేసి, మూకుడు మీద పెద్ద మూతో పళ్ళెమో పక్క నుంచి జరిపినట్టు కప్పెయ్యాలి. గాలి ఆడకపోతే మంట ఆరిపోతుంది. వెంటనే మూత తీసి చూడకూడదు, మూకుడు ఎత్తుకుని సింకు దగ్గరికి పరిగెత్తకూడదు. అందుకే వేపుళ్ళకి కూర్చునే ముందే మూత పక్కన ఉండాలి. నూనె పొగలు వస్తుంటే అది ఎక్కువ కాగిపోయిందని గుర్తు, స్టౌ కట్టెయ్యాలి.

గ్యాస్ వాసన వస్తే లైటు వెయ్యకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వెయ్యకూడదు, ఆ స్విచ్‌లో వచ్చే చిన్న మెరుపు చాలు. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తీసి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబర్ రాత్రయినా పలుకుతుంది. నారింజ రంగు గ్యాస్ పైపుని ఐదేళ్ళకొకసారి మార్చాలి. అద్దె రూముల్లో అది ఎప్పటిదో ఎవరూ అడగరు.

కాలినప్పుడు పూసే పూతల గురించి నేను గట్టిగానే చెబుతాను. పెళ్ళైన కొత్తలో నూనె చింది నా మణికట్టు కాలితే ఇంట్లోవాళ్ళు ప్రేమగానే టూత్‌పేస్ట్ పూశారు. ఆసుపత్రిలో నర్సమ్మ ఎండిపోయిన ఆ పేస్టుని తడిపి తడిపి ఒలుస్తుంటే కాలినప్పటి కన్నా ఎక్కువ ఏడ్చాను. ఆ మచ్చ ఇప్పటికీ గాజుల కింద ఉంది. పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు, ఐసు కూడా వద్దు. వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసేసి, కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఇరవై నిమిషాలంటే చాలాసేపే, అయినా కదలకూడదు. పెద్ద పొక్కులు వస్తే, ముఖం కాలితే, డాక్టర్ దగ్గరికే.

మా వాడు ఇప్పుడు కుక్కర్ పెట్టే ముందు మూతని ట్యూబ్‌లైట్ కేసి ఎత్తి ఫొటో తీసి పంపుతున్నాడు. గొట్టంలోంచి శనగగింజంత వెలుగు చుక్క కనిపిస్తుంది. నిన్న వాడి రూమ్మేట్ వంతట, ఆ అబ్బాయి కూడా పంపాడు.